డేగకన్ను కొన్న లైట్లు

ఆదివారం ఉదయం డేగకన్ను వేసుకున్న పథకం చాలా చిన్నది. బజారుకు వెళ్ళాలి, హాలుకీ గ్యారేజీకీ ఎల్ఈడీ లైట్లు కొనాలి, తెచ్చి బిగించాలి, భోంచేసి పడుకోవాలి. ఇందులో కొంప మునిగే పని ఏదైనా ఉందా? ఎవరినడిగినా లేదనే అంటారు.

డేగకన్ను అన్నది వీధి పెట్టిన పేరు. పెయింట్ల దుకాణంలో రంగులు కలపడం అతని ఉద్యోగం. ఎవరైనా గోడ నుంచి గోరంత పెచ్చు ఊడదీసి తెస్తే, దాన్ని వేళ్ళ మధ్య పట్టుకుని, ఒక కన్ను మూసి చూసి, యంత్రం జోలికి పోకుండా అచ్చం అదే రంగు కలిపి ఇచ్చేస్తాడు. డబ్బా మీద రాసింది చదవడం తమ కన్ను మీద తమకు నమ్మకం లేనివాళ్ళు చేసే పని అని దుకాణంలో అందరి ముందూ అంటూ ఉంటాడు.

"ఏవండీ, హాల్లోకి మీ ఇష్టం. గ్యారేజీలోకి మాత్రం పగటి వెలుగులా తెల్లగా ఉండేది తెండి" అంది భార్య, గుమ్మం దాకా వచ్చి. "బట్ట రంగు నాకు సరిగ్గా తెలియాలి."

"రంగుల గురించి నాకు చెప్తున్నావా?"

"మీకు కాబట్టే చెప్తున్నాను."

ఆమె ఆరాటానికి కారణం ఉంది. ఇన్నాళ్ళూ పడకగదిలో మంచం పక్కన మిషను పెట్టుకుని ఇరుగుపొరుగు వాళ్ళ చీరల అంచులు కుట్టింది. ఈమధ్యే గ్యారేజీలోంచి స్కూటర్నీ పాత సామాన్నీ బయటికి నెట్టి, దాన్ని కుట్టు దుకాణం చేసుకుంది. మొట్టమొదటి పెద్ద పని కూడా వచ్చింది. ఊళ్ళో బ్యాండు బృందానికి ముదురు నీలం కోట్లు, నల్ల ప్యాంట్లు. త్వరలో మైదానంలో, పట్టపగలు, జనం మధ్య వాళ్ళ కవాతు. కోట్లు బాగుంటే ఏటా ఆ పని ఆమెదే. తేడా వస్తే మిషను మళ్ళీ మంచం పక్కకే.

లైట్ల దుకాణం యజమాని మంచివాడే. "ఇంట్లోకైతే పసుపు వెలుగు హాయిగా ఉంటుంది సార్. గ్యారేజీలో పని చేసుకుంటారంటున్నారు కాబట్టి అక్కడికి తెల్లది తీసుకోండి. ఇదిగో, రంగులు ఎంత సరిగ్గా కనబడతాయో డబ్బా మీదే రాసి ఉంటుంది..."

"డబ్బా పక్కన పెట్టు బాబూ. వెలిగించి చూపించు."

వెలిగించి చూపించాడు. డేగకన్ను ఒక కన్ను మూశాడు. అతను పుట్టి బుద్ధెరిగాక ఎక్కువ కాలం గడిపింది పెయింట్ల దుకాణంలో. అక్కడ నమూనా గోడల మీద ఎప్పుడూ పసుపు దీపాలే. ఆ వెలుగులో ఎంత చెత్త రంగైనా ముద్దొస్తుందని అక్కడి యజమాని కావాలని పెట్టించాడు. ఇన్నేళ్ళూ దాని కిందే నిలబడి రంగులు చూసినవాడికి అదే అసలు వెలుగనిపించడంలో వింతేముంది? గ్యారేజీకి పసుపు కొన్నాడు. హాలుకేమో, తాను స్వయంగా కలిపి పూసిన గోడ రంగు వచ్చిన వాళ్ళందరికీ కనబడాలని, గోదాముల్లో పెట్టే పెద్ద తెల్ల లైట్లు కొన్నాడు.

బిగించాక ముందు అత్తగారు నోరు తెరిచారు. ఆవిడ పగలంతా హాల్లోనే కూర్చుంటారు. "అల్లుడు గారూ, ఎండ బయట ఉందా, ఇంట్లో ఉందా?" అని అడిగి, లోపలికి వెళ్ళి గొడుగు తెచ్చుకుని, వేసుకుని మరీ కుర్చీలో కూర్చున్నారు.

"అలవాటైపోతుంది అత్తయ్యగారూ."

"అలవాటయ్యేలోపు నల్లబడిపోతానేమో నాయనా."

గ్యారేజీలో భార్య తలెత్తి చూసింది. "ఇదేంటండీ, ఇంత పచ్చగా ఉంది? నేను తెల్లది కదా తెమ్మన్నాను!"

"కంటికి హాయి. మా దుకాణంలో రంగులన్నీ ఈ వెలుగులోనే చూసేది. నన్ను నమ్ము."

నమ్మింది. పాపం, ఆ కన్నును నమ్మని వాళ్ళు ఆ వీధిలోనే లేరు. పైగా బయట రోడ్డు తవ్వుతున్నారు. దుమ్ము పడకుండా షట్టరు దించి, ఇంటి కిటికీలన్నీ మూసి, వారమంతా ఆ దీపాల కిందే కత్తిరించింది, ఆ దీపాల కిందే కుట్టింది.

కోట్లు అప్పజెప్పే రోజు వచ్చింది. సాయం చేద్దామన్న సరదా పుట్టి, డేగకన్ను ఒక కోటు తీసుకుని, దారప్పోగులు దులపడానికి వీధి మెట్ల మీదికి వచ్చాడు. ఎండలో విదిలించాడు. చూశాడు. ఒక కన్ను మూసి చూశాడు. రెండో కన్ను మూసి చూశాడు.

కోటు ఒళ్ళు నీలం. చేతులు నలుపు.

మెల్లగా లోపలికెళ్ళి ఇంకోటి తెచ్చాడు. అదీ అంతే. గ్యారేజీలో బల్ల మీద నీలం తాను, నలుపు తాను పక్కపక్కనే ఉన్నాయి. ఆ పసుపు వెలుగులో రెండూ కవల పిల్లలు. ఒళ్ళు ఒక తాను నుంచి, చేతులు ఇంకో తాను నుంచి కత్తిరించింది మహాతల్లి. కాదు, కత్తిరించేలా చేశాడు మహానుభావుడు.

చెప్పేయవచ్చు కదా? చెప్పలేకపోయాడు. అతని నోట్లోంచి 'నా కన్ను తప్పింది' అన్న మాట ఇంతవరకూ వచ్చి ఎరుగదు. ఇవాళ గడిస్తే చాలు, తర్వాత ఏదో ఒకటి చేద్దాం అనుకున్నాడు. కోట్లు మళ్ళీ తగిలించేలోపే బ్యాండు మాస్టారు వచ్చేశారు.

"రండి రండి! షట్టరు ఎత్తకండి, దుమ్ము! ఇటు ఇంట్లోంచి రండి!" అంటూ వీధి గుమ్మం నుంచి ఆయన్ను చెయ్యి పట్టుకుని గ్యారేజీలోకి లాక్కుపోయాడు డేగకన్ను.

మాస్టారు కోటు తొడుక్కున్నారు. భుజాలు కుదిరాయి, నడుము కుదిరింది. "బ్రహ్మాండంగా కుట్టావమ్మా! ఏదీ, ఒక్కసారి అద్దంలో చూసుకోనీ."

"హాల్లో ఉందండీ, రండి" అంది భార్య.

హాల్లో! ఆ గోదాము లైట్ల కింద! డేగకన్ను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. "అద్దం పగిలిపోయింది!" అన్నాడు.

"ఎప్పుడు పగిలింది? ఇప్పుడేగా నేను తల దువ్వుకున్నాను!" అని హాల్లోంచి అత్తగారి గొంతు.

ఇక ఒకటే దారి. ముందు పరిగెత్తి హాల్లో లైట్ల స్విచ్చు ఆపేశాడు. కిటికీలు ఎలాగూ మూసే ఉన్నాయి. ఇల్లు గుహ అయిపోయింది.

"కరెంటు పోయిందా? మరి ఫ్యాను తిరుగుతోందేమిటి?" అన్నారు చీకట్లోంచి అత్తగారు.

"లైట్లకు మాత్రమే పోయింది అత్తయ్యగారూ."

వెనకాలే వచ్చిన మాస్టారు గొడుగు తగిలి అత్తగారి కుర్చీ మీదికి తూలారు. "ఎవరయ్యా మీద పడేది!" అని ఆవిడా, "క్షమించండమ్మా, అద్దం అనుకున్నాను" అని ఆయనా కేకలు పెట్టారు.

"ఒక్క నిమిషం! ఇప్పుడే లైటు తెస్తా!" డేగకన్ను మళ్ళీ గ్యారేజీలోకి దూకాడు. ఆ పసుపు దీపాలు హాల్లో పెడితే గండం గట్టెక్కుతుందని అతని ఆలోచన. స్విచ్చు కట్టేసి, స్టూలెక్కి, చకచకా బల్బులు ఊడదీశాడు.

"ఏం చేస్తున్నారండీ చీకట్లో? మీకేమైనా మతి పోయిందా?" అంటూ భార్య తడుముకుంటూ వెళ్ళి, ఆ చోట ఎవరున్నా అదే చేస్తారు, షట్టరు ఎత్తేసింది.

ఎండ భళ్ళున లోపలికి వచ్చింది. తాడు మీద వరసగా వేలాడుతున్న కోట్లన్నీ తమ నల్ల చేతులతో ఆమె ఎదుట నిలబడ్డాయి.

ఆమె ఒక కోటు చెయ్యి పట్టుకుని ఎండలోకి లాగి చూసి, అలాగే స్టూలు పక్కన కూలబడిపోయింది. "నా చేతులారా నేనే పాడు చేసుకున్నాను" అంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఇంత పెద్ద పని ఒప్పుకోకుండా ఉండాల్సింది. నాకు ఆ అంచులే ఎక్కువ."

అప్పటికి మాస్టారు, వెనకే గొడుగుతో అత్తగారు, ఇద్దరూ వచ్చి నిలబడ్డారు. డేగకన్ను స్టూలు మీదే ఉన్నాడు, రెండు చేతుల్లో రెండు బల్బులతో. భార్య ఏడుపు చూడలేకపోయాడు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. దిగాడు.

"తప్పు దానిది కాదు మాస్టారూ, నాది. తెల్ల లైటు తెమ్మంటే వినకుండా పసుపుది తెచ్చి పెట్టాను. ఆ వెలుగులో నీలమేదో నలుపేదో తెలియలేదు దానికి. పొద్దున్నే చూశాను. మీకు కనబడకుండా దాచాలనే ఇదంతా చేశాను. నా కన్ను తప్పింది."

మాస్టారు తన కోటు చెయ్యి పైకెత్తి ఎండలో ఇటూ అటూ తిప్పి చూసుకున్నారు.

"అంటే చేతులు వేరే రంగులో ఉన్నాయా?"

"కనబడట్లేదా?"

"నాకు చిన్నప్పటినుంచీ నీలం, నలుపు ఒకటేనండీ. ఎండలో అయినా, మీ అద్దం ముందైనా అంతే. ఆ ఇంట్లో డేగకన్ను ఉన్నాడు, రంగుల సంగతి ఆయన చూసుకుంటాడులే అనే కదా ఈ పని ఇక్కడ ఇచ్చింది!"

డేగకన్ను మళ్ళీ స్టూలు మీద కూర్చుండిపోయాడు. నోరు మూసుకుని ఉంటే కోట్లు ఎప్పుడో గుమ్మం దాటి పోయేవి. పోయి, మైదానంలో జనం నవ్వులపాలై, ఆమె పేరుతో సహా తిరిగొచ్చేవి.

"కవాతుకు ఇంకా వ్యవధి ఉంది. చేతులు మార్చగలవామ్మా?" అన్నారు మాస్టారు.

ఆమె కళ్ళు తుడుచుకుని నీలం తాను వైపు చూసింది. "మారుస్తానండీ. బట్ట ఉంది. ఎండలో కూర్చుని కత్తిరిస్తాను."

"విప్పేది ఎవరు?" అన్నారు అత్తగారు.

అందరూ ఒకవైపే చూశారు.

తవ్విన రోడ్డు దుమ్ములో, వీధి మెట్ల మీద, వచ్చేపోయేవాళ్ళ పలకరింపులకు తల వంచుకుని జవాబు చెప్తూ, డేగకన్ను కోట్ల చేతులన్నీ విప్పాడు. లైట్ల దుకాణానికి మళ్ళీ వెళ్ళి, డబ్బాను నాలుగు వైపులా చదివి, గ్యారేజీకి తెల్లవి తెచ్చాడు. కవాతు రోజున బృందమంతా నిలువునా ఒకే నీలంలో నడిచింది. మాస్టారు రంగు ఒకటేనని పక్కవాళ్ళ చేత చెప్పించుకుని మరీ సంతోషించి, వచ్చే ఏడాది పని కూడా అక్కడే ఇచ్చేశారు.

విప్పిన నల్ల చేతులు కూడా వృథా పోలేదు. అత్తగారు వాటిని హాల్లో గోదాము లైట్లకు ఒక్కొక్కటిగా తొడిగించి, గొడుగు మడిచి లోపల పెట్టేశారు.