గిజిగాడు అడిగిన మూడు చీటీలు

పిల్లలూ, ఈ కథ మీకెవరూ చెప్పి ఉండరు. కాస్త దగ్గరగా జరిగి వినండి.

ఒక పెద్ద అడవిలో వాగు పొంగబోతోందని కబురొచ్చింది. పిల్లలున్న కుటుంబాలను ముందుగా గుట్ట ఎక్కించాలని జంతువుల సభ తీర్మానించింది. ఎవరికి ఎందరు పిల్లలో జాబితా కావాలి.

లెక్కలు మూడు చోట్ల ఉన్నాయి. వాగు ఒడ్డు లెక్క చీమలది. కింద నుంచి చూస్తాయి గనుక అవి పిల్లల కాళ్ళు లెక్కపెట్టాయి. గుహల లెక్క గబ్బిలాలది. చీకట్లో తడిమి చెవులు లెక్కపెట్టాయి. మైదానం లెక్క కాకులది. పై నుంచి తలలు లెక్కపెట్టాయి.

మూడింటినీ ఒకే జాబితాగా అల్లే పని గిజిగాడికి అప్పగించారు. అల్లికలో అతన్ని మించిన పక్షి లేదు.

"ఒక్కో చోటికి ఒక్కో చీటీ రాసివ్వండయ్యా," అన్నాడు గిజిగాడు. "ఎవర్ని అడగాలి, వచ్చిన అంకెను ఎంతతో భాగించాలి, అంతే. చీమలకు నాలుగు, గబ్బిలాలకు రెండు. కాకులకు భాగించే పనే లేదు."

కార్యదర్శి ముంగిస మూతి ముడిచింది. "ఒక అడవికి మూడు పద్ధతులా? నవ్విపోతారు. చీమల చీటీ రాశాం కదా, దాన్నే మూడు చోట్లా వాడు."

"అలా అయితే కాకులు చెప్పిన తలలు కూడా నాలుగో వంతే మిగులుతాయండీ."

"నువ్వు అల్లు. ఆలోచించడానికి సభ ఉంది."

గిజిగాడు అల్లాడు.

జాబితా చూసి మైదానంలోని కుందేలు పరుగెత్తుకొచ్చింది. "అయ్యా, నాకు నలుగురు పిల్లలు. ఒక్కరికే చోటు రాశారు."

"జాబితాలో ఒక్కరే ఉన్నారమ్మా. ఆ ఒక్కరు ఎవరో నువ్వే తేల్చుకో," అంది ముంగిస, తల ఎత్తకుండా.

కుందేలు నలుగురినీ చూసింది. ఎవరినీ వదల్లేక గుట్ట కిందే కూలబడింది.

ఈలోగా వాగు మైదానంలోకి వచ్చేసింది. ముంగిస కాపురం కూడా మైదానంలోనే. ముగ్గురు పిల్లలతో గుట్ట దారికి చేరింది. అక్కడ కాపలా ఉన్న ఏదుపంది జాబితా తిరగేసింది.

"మీ పేరు మీద పిల్లలు లేరండీ."

"ఇదుగో ముగ్గురు. కనపడటం లేదా?"

"నాకు కనపడుతున్నారు. జాబితాకి కనపడటం లేదు. మూడును నాలుగుతో భాగిస్తే ఒకటి కూడా రాలేదట, సున్నా వేశారు. పొరపాటని నేననుకోను, కింద మీ సంతకం ఉంది."

నీళ్ళు పిల్లల పాదాలు తాకాయి. ముంగిస అక్కడే కూర్చుని మిగిలిన రెండు చీటీలూ గబగబా రాసింది. కుందేలు తన నలుగురినీ లేపి వరసలో నిలబెట్టేలోగా గిజిగాడు కొత్త జాబితా అల్లేశాడు. అందరూ గుట్ట ఎక్కారు.

మర్నాడు గుట్ట మీద సభ జరిగింది. మూడు చీటీల పద్ధతి కనిపెట్టినందుకు ముంగిసకు పూలదండ వేశారు. దండ అల్లింది గిజిగాడే.

నీతి: లెక్క తప్పకూడదంటే, ముందుగా లెక్క వేయించినవారి పిల్లలను లెక్కపెట్టాలి.

దీన్ని మీ తర్వాతివాళ్ళకూ చెప్పండి. కుందేలుకు నలుగురు, ముంగిసకు ముగ్గురు. అంకెలు మాత్రం మార్చొద్దు.