సీటు ఆరోగ్య విభాగం

మనిషి చర్మానికి గీత పడితే దానంతట అదే మానుతుంది. కారు సీటు చర్మానికి పడితే మాత్రం, అది మానడానికి ఒక విభాగం, ఆ విభాగానికి ఒక అధికారి, ఆ అధికారికి ఒక ఏసీ గది కావాలి. నాగరికత అంటే ఇదేనని మా బావగారి నమ్మకం. (ఆయన మా అక్కని పెళ్ళి చేసుకున్నప్పటి నుంచి ఆయన నమ్మకాలకి నేను ఎదురు చెప్పడం లేదు.)

బావగారు లెదర్ సీట్ల కారు కొన్నారు. వాటి రంగుని గోధుమరంగు అనకూడదు, ‘సాయంత్రపు ఇసుక’ అనాలి. ఆ సీట్లలో కూర్చునే ముందు నేను జేబులోంచి తాళాలు తీసేసేవాణ్ణి, అక్క గాజులు మోచేతి దాకా ఎగదోసుకునేది. అత్తయ్యగారు, అంటే బావగారి అమ్మగారు మాత్రం, అదేదో కూర్చోవడానికే పెట్టిన వస్తువన్నట్టు చేతికర్రతో సహా ఎక్కి కూర్చున్నారు. ఆవిడ దిగేసరికి ముందు సీటు మీద చూపుడువేలంత గీత ఉంది.

బావగారు ఆ గీత ముందు మోకాళ్ళ మీద కూలబడ్డారు. అత్తయ్యగారు కర్ర తిరగేసి చూసుకున్నారు.

“అడుగున రబ్బరు ఊడిపోయిందిరా నాన్నా, లోపలి రేకు తేలింది. గచ్చు మీద జారుతోంది కూడా. కొత్త రబ్బరు ఒకటి తెచ్చిపెట్టు.”

“చూద్దాంలే అమ్మా. ముందు దీని సంగతి చూడనీ,” అన్నారు బావగారు, గీత మీంచి కళ్ళు తిప్పకుండా.

కారు కంపెనీవాళ్ళ సీటు ఆరోగ్య విభాగంలోకి ప్రవేశం యాప్ ద్వారా మాత్రమే. గీతని ఫోటో తీసి పంపితే ఎంతో మర్యాదగా జవాబొచ్చింది: ‘మీ ఫోటోలో గీత కనిపించడం లేదు. స్పష్టంగా కనిపించేలా చేసి మళ్ళీ పంపండి.’ బావగారు లైటు వేసి తీశారు, పక్కనుంచి తీశారు, నా చేత అద్దం పట్టించి తీశారు. అదే జవాబు. చివరికి ఆయన ఆ ఆదేశాన్ని అక్షరాలా పాటించారు. ఇంటి తాళంచెవి తీసుకుని, ఉన్న గీత మీదే, చంటిపిల్లకి కాటుక దిద్దినంత శ్రద్ధగా మరోసారి గీశారు. ఈసారి యాప్ ‘అభినందనలు’ అంది.

సర్వీస్ సెంటర్‌లో బ్రేకులు పట్టనివాళ్ళు బయట బల్ల మీద కూర్చున్నారు. సీట్లకి గీతలు పడ్డవాళ్ళకి లోపల సోఫా ఉంది. గీతల వర్గీకరణాధికారి భూతద్దం పెట్టి మా సీటుని చాలాసేపు చూశారు.

“గీతలు మూడు రకాలు సార్. అమాయకపు గీత, అజాగ్రత్త గీత, ఉద్దేశపూర్వక గీత. మీ సీటుకి రెండున్నాయి. కిందిది అమాయకపుది. దాని మీదది మాత్రం ఎవరో పగబట్టి గీసినట్టుంది. ఇంట్లో మీరంటే పడనివాళ్ళు ఎవరైనా ఉన్నారా?”

బావగారు నావైపు చూశారు. అధికారి కూడా నావైపు చూసి ఏదో రాసుకున్నారు.

“సరే, కారణాన్ని తీసుకురండి,” అన్నారాయన.

“కారణమంటే?”

“గీత పెట్టిన వస్తువు. దాన్ని పరీక్షించకుండా సీటుని ముట్టుకోం. రూలు సార్.”

అలా అత్తయ్యగారి చేతికర్ర మెత్తటి గుడ్డలో చుట్టుకుని, వెనక సీటులో ఒక్కతే కూర్చుని, సర్వీస్ సెంటర్‌కి వెళ్ళింది. అది వచ్చేదాకా ఆవిడ గోడలు పట్టుకుని నడిచారు.

“కర్ర ఎప్పుడొస్తుంది బాబూ?” అని నన్నడిగారు.

“రిపోర్టు రావాలండీ అత్తయ్యగారూ.”

“దానికేం జబ్బు?”



అక్కడ సీటుకి వైద్యం మాత్రం జోరుగా సాగింది. గీతని తుడిచి, లప్పం పెట్టి, గరుకు కాగితంతో రుద్ది, రంగు వేశారు. బాగైన చోటు మిగతా సీటుకన్నా కొత్తగా కనిపించడంతో, అసలు జబ్బు మిగతా సీటుకే ఉందని తేలింది. దానికీ రంగు వేశారు. అప్పుడు పక్క సీటు నీరసంగా కనిపించింది. అలా రోగం కారంతా పాకి, పూర్తిగా నయమైంది.

కారు అప్పగించేటప్పుడు అధికారి కర్రని రెండు చేతులతో అందించారు.

“పరీక్ష పూర్తయింది సార్. అడుగున రబ్బరు లేదు. నున్నటి నేల మీద తప్పకుండా జారుతుంది. జారిందంటే...” ఆయన గొంతు తగ్గించారు. “సీటుకి చాలా ప్రమాదం. కారు దరిదాపుల్లోకి రానివ్వకండి.”

“ఆ రబ్బరేదో మీరే తొడగకూడదా?” అన్నాను.

“అది కర్రల వాళ్ళు చూసుకోవాలి సార్. మేం సీట్ల వాళ్ళం.”

నాకు ఒళ్ళు మండింది. కానీ సోఫా మెత్తగా ఉంది, గది చల్లగా ఉంది, కోపం ఎక్కువసేపు నిలవలేదు.

తిరిగొచ్చేటప్పుడు దారిలో అలాంటి రబ్బర్లు అమ్మే మందుల షాపు కనిపించింది. ఆపితే దిగాలి, దిగితే మళ్ళీ ఎక్కాలి, ఎక్కితే సీటు నలుగుతుంది. అందుకని బావగారు ఆపలేదు. రబ్బరు అక్క తెస్తుందని ఆయన అనుకున్నారు. నేను తెస్తానని అక్క అనుకుంది. అది వాళ్ళింటి విషయం కదా అని నేను మర్యాదకి ఊరుకున్నాను. కారులోకి కర్ర తేకూడదన్న నిబంధన మాత్రం అందరం కలిసి, ఏకగ్రీవంగా అమలు చేశాం.

ఆ వారంలోనే ఒక పొద్దున, వంటింట్లోంచి హాల్లోకి వస్తూ, గచ్చు మీద కర్ర జారి అత్తయ్యగారు పడ్డారు. తుంటి ఎముక విరిగింది. నేనూ బావగారూ ఎత్తుకుని వెనక సీటులో పడుకోబెట్టాం. అంత నొప్పిలోనూ ఆవిడ చెయ్యి చాచి వెతికారు.

“నా కర్రేదిరా?”

“ఇంట్లో ఉందమ్మా. కారులోకి వద్దనుకున్నాం కదా,” అన్నారు బావగారు. ఆవిడ సరేనన్నట్టు చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

ఆవిణ్ణి ఆపరేషన్‌కి తీసుకెళ్ళాక మేం వరండాలో నిలబడి ఉంటే బావగారి ఫోను మోగింది. యాప్ నుంచి సందేశం: ‘మరమ్మతు తర్వాత మీ సీటు క్షేమంగా ఉందా?’ బావగారు కళ్ళు తుడుచుకుని కారు దగ్గరికి వెళ్ళారు. తలుపు తీసి, వెనక సీటంతా ఒకసారి చేత్తో తడిమి చూసి వచ్చారు. ‘క్షేమం. ఒక్క గీత కూడా పడలేదు’ అని జవాబిచ్చారు.

యాప్ ‘అభినందనలు’ అంది.