నిదానంగా తిరిగిన పాట

ఆ ఉదయం వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. టిఫిన్లు కాగానే ఫ్రిజ్ ఆపాలి, ఫ్యాన్లు ఆపాలి, గోడ గడియారాన్ని దుప్పట్లో చుట్టి బీరువాలో పెట్టాలి. ఆ తర్వాత తలుపులన్నీ బిగించి, ఇంటిల్లిపాదీ బయటికి వెళ్ళి మెట్ల మీద నోరు మూసుకుని కూర్చోవాలి. లోపల పాట ఒక్కటే ఉండాలి.

కోడలికి ఇదేం కొత్త కాదు. ఆమె ఈ ఇంట్లో అడుగుపెట్టేనాటికే భర్త వెనకగదిలో పాటల కంపెనీ నడుపుతున్నాడు. దాని పేరు కూడా వెనకగది రికార్డ్సే. పెద్ద కంపెనీలు తలుపు తీయని చిన్న చిన్న బ్యాండ్ల పాటలు విడుదల చేయడం దాని పని. అందులో ఆయన పట్టుదల ఒకటుంది. స్టూడియోలో పాడిన పాటను నేరుగా లోకం మీదికి వదలడు. ముందు దాన్ని ఒకే ఒక్క నల్ల రికార్డుగా చేయించి, తాతగారి నాటి రికార్డు ప్లేయరు మీద తిప్పి, ఎదురుగా మైకు పెట్టి, ఆ చిటపటలతో సహా పట్టుకుని అప్పుడు ఇంటర్నెట్‌లో పెడతాడు. "పాట ముందు మన హాల్లో తిరగాలి. ఇల్లు చూసిన పాటకీ చూడని పాటకీ తేడా ఉంటుంది" అంటాడు. ఆ తేడా ఏమిటో ఇంతవరకూ ఎవరూ అడగలేదు, ఆయన చెప్పలేదు.

రెండో నియమం కోడలు పెట్టింది. మైకు పట్టుకున్న పాటను బయటివాళ్ళు వినేదాకా ఇంట్లోవాళ్ళు వినకూడదు. వెనకోసారి ఆయన ఒకే ఒక్క డ్రమ్ము దెబ్బను సవరిస్తూ ఒక వానాకాలమంతా గడిపేశాడు. ఆ వానాకాలంలో ఆరేసిన బట్టలు లోపలికి తెచ్చే దిక్కు కూడా లేకపోయింది. అందుకే ఆమె నియమం పెట్టింది, అందరూ ఒప్పుకున్నారు.

ఈసారి పాట ఆడపడుచుది. ఇంట్లో అందరికీ ఆమె చిట్టి. మనిషీ సన్నం, గొంతూ సన్నం. తానే రాసి, తానే పాడిన మొట్టమొదటి పాట. పొద్దున్న బస్సు తప్పిపోయిన పిల్ల గొడవ అది.

ఆగవే బస్సూ ఆగవే, నా చెప్పు తెగింది ఆగవే,
ఒంటికాలితో వస్తున్నా, కాస్త చూసుకుని సాగవే!

పరుగు పరుగున సాగే పాట. వింటుంటే విన్నవాళ్ళకే ఆయాసం వచ్చేది.

"వదినా, ఇది ఎవరికీ నచ్చకపోతే ఇక పాడను. బీమా ఆఫీసులో రమ్మంటున్నారు, పోయి చేరిపోతా" అంది చిట్టి మెట్ల మీద, గోళ్ళు కొరుక్కుంటూ.

"ముందు గోళ్ళు వదిలెయ్. బీమా ఆఫీసులో వాటితో పనుంటుంది" అంది కోడలు.

"మాట్లాడకండి!" అన్నాడు భర్త గుసగుసగా.

అత్తగారు పై మెట్టు మీద కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తున్నారు. కూతురు పాటల గురించి ఆవిడ ఏనాడూ ఒక్క ముక్క అనలేదు. మంచి అనలేదు, చెడూ అనలేదు. చిట్టికి ఆ మౌనం కంటే చీవాట్లే నయమనిపించేది. ఆవిడది బరువైన గొంతు. గ్యాసువాళ్ళ దగ్గర్నుంచి బ్యాంకువాళ్ళ దాకా ఫోనులో అందరూ ఆవిడను "సార్" అనేవారు. ఆవిడ దిద్దడం మానేసి చాలా కాలమైంది.

"ఏంటండీ, ఇంకా అవలేదా?" అన్నాడు చిట్టి పాటకు డ్రమ్ములు వాయించిన అబ్బాయి. వృత్తిరీత్యా పళ్ళ డాక్టరు. "క్లినిక్‌లో ఒకాయన నోరు తెరుచుకుని కూర్చున్నాడు."

"కంగారులో ఉన్నప్పుడు ఏదైనా అలాగే సాగినట్టుంటుంది" అన్నాడు భర్త.

పాట నిజంగానే సాగుతోందన్న సంగతి అప్పుడు ఎవరికీ తట్టలేదు.

ఆ సాయంత్రమే పాట విడుదలైంది. దానితో పాటు 'వెనకగది కబుర్లు' కూడా వెళ్ళాయి. కొత్త విడుదలలు, బ్యాండ్ల సమాచారం కలిపి నెలనెలా శ్రోతలకు పంపే ఆ కబుర్లు రాసేది కోడలే. "మా డ్రమ్మరు ఈ నెల తాళం ఎక్కడా తప్పలేదు. పన్ను మాత్రం ఒకటి తప్పు పీకాడట, పేషెంటు క్షమించాడు" వంటి వార్తల కోసమే దాన్ని చదివేవాళ్ళున్నారు. ఈసారి చిట్టి ఫోటో వేసి, "మా ఇంటి పిచ్చుక తొలిసారి గొంతు విప్పింది" అని రాసింది.

మర్నాడు పొద్దున్నుంచే జవాబులు రావడం మొదలైంది. మామూలుగా వచ్చేవి నాలుగో అయిదో. ఈసారి వస్తూనే ఉన్నాయి. ఒకావిడ పాట వింటూ వంటింట్లో నేల మీద కూర్చుండిపోయిందట. ఒకాయన చెప్పు తెగడమంటే లోకంతో బంధం తెగడమేనని రెండు పేజీలు వివరించాడు. బస్సు సాక్షాత్తూ కాలమేనట. అందరూ చివర్లో అడిగింది ఒక్కటే. "ఇంత గంభీరమైన గొంతు ఎవరిది? పొరపాటున ఎవరో చిన్నపిల్ల ఫోటో వేసినట్టున్నారు."

అప్పుడు ఇంట్లోవాళ్ళు పాట విన్నారు.

ఆ గొంతు బావి అడుగునుంచి వస్తున్నట్టుంది. ఆ అడుగున ఎవరో దీపం పట్టుకుని నిలబడి ఉన్నట్టు కూడా ఉంది. డ్రమ్ము ఒక్కో దెబ్బా ఆలోచించుకుని పడుతోంది. ఆగవే అన్న మాట ఎంతసేపు సాగిందంటే, ఏ బస్సైనా సిగ్గుపడి ఆగాల్సిందే. కోడలు చేతిలో గరిటె ఉందన్న సంగతి మరిచిపోయింది. పాట అయిపోయాక కూడా ఆ దీపం కాసేపు గదిలోనే ఉన్నట్టనిపించింది.

"అబ్బ!" అన్నాడు భర్త. కాసేపటికి తేరుకుని, "ఇంతకీ ఇదెవరు?" అన్నాడు.

"నేనే అన్నయ్యా" అంది చిట్టి, ఉన్న సన్నని గొంతు ఇంకా సన్నమైపోగా.

భర్త లేచి ప్లేయరు దగ్గరికి పరిగెత్తాడు. దాని పక్కన స్పీడు మార్చే చిన్న పుల్ల ఒకటుంటుంది. ఎక్కువ స్పీడులో ఉండాల్సిన పుల్ల కిందికి దిగి, తక్కువ స్పీడులో హాయిగా కూర్చుని ఉంది.

"దీని మీద దుమ్ము దులిపిందెవరు?"

"నేనే. ఈ ఇంట్లో ఇంకెవరు దులుపుతారు?" అంది కోడలు.

అంతటితో విచారణ ముగిసింది. తాను పుల్ల జోలికే వెళ్ళలేదని ఆమె చెప్పింది గాని, చేతిలో గరిటె పట్టుకుని చెప్పిన సాక్ష్యానికి విలువ తక్కువ. పైగా ఎవరూ వినకూడదన్న నియమం కూడా ఆమెదే. భర్త ఏమీ అనలేదు. ఏమీ అననివాడి మొహం పెట్టుకుని రెండు రోజులు తిరిగాడు.

తప్పును దిద్దుదామని సరైన స్పీడులో పాటను మళ్ళీ పట్టి విడుదల చేశారు. దానికీ జవాబులు వచ్చాయి. "రెండోసారి పెట్టిన పాట ఎక్కువ స్పీడులో ఉంది, గమనించగలరు" అని కొందరు మర్యాదగా రాశారు. ఒకాయన మరీ మంచివాడు. స్పీడు తగ్గించే పుల్ల ప్లేయరుకు ఏ పక్కనుంటుందో బొమ్మ గీసి పంపాడు.

చిట్టి ఆ బొమ్మ చూసి గదిలోకెళ్ళి తలుపేసుకుంది.

"చిట్టీ, తలుపు తీయవే. పాట అందరికీ నచ్చిందిగా!" అంది కోడలు బయట నిలబడి.

"పాట నచ్చింది వదినా. నేనే నచ్చలేదు. నన్ను చూసి స్పీడు తప్పిన రికార్డంటున్నారు. సోమవారం బీమా ఆఫీసుకి వెళ్తున్నా."

సరిగ్గా అప్పుడే హాల్లో ఫోను మోగింది. అత్తగారు తీశారు.

"ఎవరు?"

అవతల రేడియోలో పాటల కార్యక్రమం నడిపే ఆయన. ఆ ఒక్క మాటకే ఇదే పాటలోని గొంతు అనుకున్నాడు. "అమ్మా... మీరేనా?" అన్నాడు.

"నేను కాక ఈ ఇంట్లో ఫోను ఎత్తే తీరిక ఎవరికుంది నాయనా?"

"శనివారం సాయంత్రం మా రేడియో హాల్లో బస్సు పాట పెట్టుకుంటున్నామమ్మా. మీరు తప్పకుండా రావాలి."

"రాకేం? నా కూతురు పాట. నేను రాకపోతే ఎలా?"

పాట రాసింది కూతురు, పాడింది తల్లి అని ఆయన అర్థం చేసుకున్నాడు. అత్తగారు మాత్రం ఆ పూటంతా మెత్తమెత్తగా తిరిగారు. ఎన్నాళ్ళకో ఒక మనిషి ఫోనులో తనను "సార్" అనలేదు. ఆ సంబరంలో ఏ వేళకి రావాలో, ఎవరు పిలిచారో సగమే చెప్పారు. "చిట్టి పాట పెడుతున్నారట. మనందరినీ రమ్మన్నారు."

మిగతా సగం శుక్రవారం రేడియోలో వినిపించింది. "ఆ అద్భుతమైన గంభీర స్వరం రేపు మన హాల్లో, మన కళ్ళెదుట!"

భర్త కుర్చీలోంచి లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు. గంభీర స్వరం కోసం వేట మొదలైంది. ముందు పళ్ళ డాక్టరు చేత పాడించి చూశారు. ఆయన ఆగవే అంటే బస్సే కాదు, వీధిలో పోయేవాళ్ళు కూడా వేగం పెంచారు. తెర వెనక ప్లేయరు పెట్టి, ముందు చిట్టి చేత పెదవులు ఆడిద్దామన్నాడు భర్త.

"ఎలకకు ఏనుగు గొంతు పెట్టి ఆడిస్తారా ఏంటండీ? ఉన్న మాట చెప్పి, ఉన్న గొంతుతో పాడుతుంది" అంది కోడలు.

"నేను రాను" అంది చిట్టి.

"వస్తావు. మానేసేటప్పుడైనా ఒక్కసారి నీ గొంతుతో పాడి మానెయ్. లేకపోతే రేపు బీమా ఆఫీసులో కూర్చుని జన్మంతా దీని గురించే ఏడుస్తావు. వినాల్సింది మళ్ళీ నేనే."

శనివారం హాలు కిక్కిరిసింది. చోటు చాలక గోడల వెంట నిలబడ్డారు. ముందు వరసలో అత్తగారు, ఆవిడ పక్కన కోడలు. ఒళ్ళో పర్సు పట్టుకుని అత్తగారు సూటిగా వేదికకేసి చూస్తున్నారు. చిట్టి వచ్చి మైకు ముందు నిలబడింది. "రికార్డు నిదానంగా తిరిగిందండీ. నా గొంతు ఇదే" అని చెప్పింది. అది ఎవరికీ సరిగ్గా అర్థం కాలేదు. ఆమె పాట అందుకుంది.

ఆగవే బస్సూ ఆగవే...

హాలు గుసగుసలాడింది. చిట్టి రెండో పంక్తికి వచ్చేసరికి వెనకనుంచి ఒకడు అరిచాడు. "స్పీడు తగ్గించండి!"

నవ్వులు. చిట్టి ఆగిపోయింది. నోరు తెరిచే ఉంది, పాట రావడం లేదు.

అత్తగారు లేచి వెనక్కి తిరిగారు.

"ఎవరయ్యా అది?"

అంతే. అరిచినవాడు తన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు, తిట్టించుకోవడానికి కాదు, గౌరవంతో. "ఆ గొంతే!" అన్నారెవరో. రేడియో ఆయన మైకు పట్టుకుని పరుగున వచ్చి ఆవిడ ముందు పెట్టాడు. "పాడండమ్మా."

"నాకు పాటలేం వచ్చు నాయనా?" అన్నారు అత్తగారు. అని, వేదిక మీద కళ్ళ నీళ్ళతో నిలబడిన కూతురిని చూశారు. చూసి, ఆ పిల్ల ఎక్కడ ఆపిందో సరిగ్గా అక్కడ అందుకున్నారు.

ఒంటికాలితో వస్తున్నా, కాస్త చూసుకుని సాగవే...

ఒక్క మాట తప్పలేదు. ఒక్క చోట తడబడలేదు. పెద్ద నది తన ఇష్టం వచ్చినంత తీరిగ్గా మలుపు తిరిగినట్టు తిరిగింది పాట. ఇన్నేళ్ళుగా ఉప్పు తక్కువైందనీ, తలుపు గడియ వేయలేదనీ చెప్పిన గొంతు ఇదేనా అని కోడలు అత్తగారికేసి కొత్తమనిషిని చూసినట్టు చూసింది. రెండో చరణానికి అత్తగారికి ఆయాసం వచ్చింది. "మిగతాది నువ్వు పాడవే, చూస్తావేం!" అన్నారు మైకులోనే. చిట్టి అందుకుంది. ఈసారి పరిగెత్తలేదు. తల్లి గొంతు కింద నేలలా పరుచుకుంటే, దాని మీద ఆ సన్నని గొంతు చెప్పుల్లేకుండా నడిచింది. స్పీడు గురించి ఇంకెవరూ మాట్లాడలేదు.

తెర వెనక చిట్టి తల్లిని పట్టుకుంది. "అమ్మా, పాటంతా నీకెలా వచ్చు? నువ్వు ఒక్కసారైనా వినలేదుగా!"

"వినకపోవడమేంటే? రికార్డు ఇంటికొచ్చిన రోజునుంచీ, మీరంతా బయటికెళ్ళాక రోజూ విన్నాను. నీ ముందు వింటే ఎలా ఉందని అడుగుతావు. ఏడుపొస్తోందని ఎలా చెప్పను?" అన్నారు అత్తగారు. ఆ తర్వాత కొంచెం చిరాగ్గా, "అయినా నువ్వు అంత గబగబా పాడితే మాటలెలా అందుతాయి? అందుకే ఆ పక్కనున్న పుల్ల కాస్త కిందికి దించుకునేదాన్ని" అన్నారు.

కోడలు భర్త వంక చూసింది. భర్త గోడ వంక చూశాడు. గోడ మీద చూడదగినదేమీ లేకపోయినా చాలాసేపు చూశాడు.

చిట్టి సోమవారం బీమా ఆఫీసుకు వెళ్ళలేదు. ఆ నెల 'వెనకగది కబుర్ల'లో కొత్త విడుదల కింద తల్లీకూతుళ్ళ పాట ప్రకటిస్తూ, బ్యాండు సమాచారం కింద కోడలు ఒక్క వాక్యం అదనంగా చేర్చింది. "ప్లేయరు మీద దుమ్ము ఇకనుంచి కంపెనీ యజమానే దులుపుతారు."

అత్తగారికిప్పుడు అభిమానుల ఫోన్లతో తెరిపి లేదు. ఆవిడ ఫోనెత్తి "ఎవరు?" అనగానే, అవతలివాళ్ళు ఎంతో వినయంగా అడుగుతారు: "సార్, మేడమ్‌గారికి ఒకసారి ఇస్తారా?"