మంత్రిగారి వరండాలో పులీ మేకా

"మానవజాతి ఆటలు మొదలుపెట్టింది ఈ వరండాలోనే!" అని క్రీడా వారసత్వ శాఖ మంత్రిగారు ప్రకటించగానే కెమెరాలు తళుక్కుమన్నాయి. ఆయన ఏ సంగతినీ సగంలో వదిలే మనిషి కాదు. రాతియుగంలో గులకరాళ్ళు, రాజుల కాలంలో పాచికలు, మన కాలంలో సెల్‌ఫోను అంటూ చరిత్ర మొత్తాన్ని మూడు ముక్కల్లో తేల్చేసి, ఆఫీసు వరండాలోని రాతిబల్ల వైపు చెయ్యి చూపించారు. దాని మీద పులీ మేకా ఆట గీతలు చెక్కి ఉన్నాయి. చుట్టూ కొత్త తాడు కట్టి ఉంది.

అర్జీదారులు కూర్చునే బల్ల అదొక్కటే. అంచేత అందరూ గోడకు చేరబడి నిలబడ్డారు. వాళ్ళలో ముసలి టైలరు ఒకాయన. ఆయన ఉండే సందులో పిల్లలు ఆడుకోవడానికి జానెడు జాగా లేదు. పోయిన నెల రోడ్డు మీద తొక్కుడుబిళ్ళ ఆడుతున్న మనవరాలి కాలు మీంచి ఆటో పోయింది. సందు చివరి సర్కారు ఖాళీ స్థలం పిల్లలకు ఇప్పించమన్నదే ఆయన అర్జీ. కట్టుకట్టిన కాలితో ఆ పిల్లా పక్కనే ఉంది. ఇవాళ సంతకం పడుతుందని పి.ఏ. చెప్పాడు. ఇదివరకూ చెప్పాడు గానీ, ఈసారి నవ్వుతూ చెప్పాడు.

"రెండువేల ఏళ్ళ నాటిది సార్," అన్నాడు పురావస్తు నిపుణుడు, బల్లను భూతద్దంతో చూసి.

"మూడు చెయ్యండి. పొరుగువాళ్ళ దగ్గర రెండున్నర వేలది ఉందట."

"మూడే సార్. గీత లోతు చూస్తే తెలిసిపోతోంది."

టైలరు నోరు మూసుకుని ఉంటే పోయేది. కానీ కొలత తప్పు చెబితే ఊరుకోలేని వృత్తి ఆయనది.

"అయ్యా, అది మా తాత చెక్కిందండీ."

కెమెరాలన్నీ ఆయన వైపు తిరిగాయి.

"మా సందు చివరి స్థలం కోసమే ఇక్కడికి వచ్చేవాడండీ. పొద్దుపోక కత్తెర మొనతో గీశాడు. అరిగిపోతే మా నాన్న మళ్ళీ గీశాడు. ఆ మూల గీతలు నావి."

నిపుణుడు భూతద్దం జేబులో పెట్టేసుకున్నాడు. పి.ఏ. ముఖం మాడిపోయింది. మంత్రిగారు మాత్రం టైలరును కావలించుకున్నారు. గొప్పవాళ్ళు ఊరికే గొప్పవాళ్ళవుతారా?

"మూడు తరాలు! రాసుకోండయ్యా! ఒకే బల్ల, ఒకే ఆట, ఒకే కుటుంబం! ఇది బతికున్న సంస్కృతి!"

చప్పట్లు మోగాయి. టైలరు కళ్ళు చెమర్చాయి. అదను చూసి అర్జీ అందించాడు.

మంత్రిగారు చదివి ఆలోచనలో పడ్డారు. "ఇది ఇచ్చేస్తే మీరు మళ్ళీ ఇక్కడికొస్తారా?"

"ఎందుకొస్తామండీ? పిల్లలు అక్కడే ఆడుకుంటారు."

"అదే నా బెంగ, పెద్దాయనా. మూడు తరాల పరంపర నా చేతుల మీదుగా తెగిపోయిందన్న అపవాదు నాకొద్దు."

అయినా ఆయన మాట తప్పే మనిషి కాదు. సంతకం అక్కడికక్కడే పెట్టారు. సంతకం పైన పి.ఏ. ఎర్ర సిరాతో రాశాడు: "జాతీయ వారసత్వం. కదల్చరాదు." అర్జీని అద్దాల పెట్టెలో పెట్టి బల్ల పక్కన నిలబెట్టారు. టైలరును దాని పక్కన నిలబెట్టి ఫొటో తీశారు.

కెమెరాలు వెళ్ళిపోయాయి. టైలరు నేల మీద చతికిలబడ్డాడు. మనవరాలు ఆయన జేబులోంచి బట్ట మీద గీసే సుద్దముక్క తీసింది.

"ఈసారి పులి నేను, తాతా," అంటూ వరండా కొత్త పాలరాతి నేల మీద గీత మొదలుపెట్టింది.

గీత పూర్తి కాకముందే బంట్రోతు మరో కొత్త తాడు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"లేవండి, లేవండి," అన్నాడు.