శ్రవణ మిత్ర సంఘం సిఫార్సు చేసిన రిసీవరు

రెండు వేల ఇరవై మూడవ సంవత్సరం, జనవరి పద్నాలుగవ తేదీ, శనివారం, మధ్యాహ్నం మూడు గంటలకు జర్మనీలోని కాసెల్ నగర ఉత్తర విభాగ శ్రవణ మిత్ర సంఘం (రిజిస్టర్డు) తన రెండువందల పన్నెండవ సాధారణ సమావేశం జరుపుకుంది. హాజరైనవారు: తూనికలు కొలతల శాఖలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి పదవీ విరమణ పొందిన అధ్యక్షులు హెర్ (అక్కడి 'శ్రీ') వోల్ఫ్రామ్ హెస్సెల్‌బార్ట్, కార్యదర్శి ఫ్రౌ (అక్కడి 'శ్రీమతి') ఇర్మ్‌ట్రౌట్ ప్లాక్, సభ్యులు తొమ్మిదిమంది, అధ్యక్షులవారి పొట్టికాళ్ల కుక్క లుంపీ (ఓటు హక్కు లేకుండా). ముగ్గురు రాలేకపోతున్నందుకు లిఖితపూర్వకంగా విచారం తెలిపారు. ఆ విచారాన్ని సభ ఆమోదించింది.

మనిషి నిప్పును కనిపెట్టిన రోజున నాగరికత మొదలైందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. ఆ నిప్పును ఎవరు, ఏ సమావేశంలో, ఎంతమంది ఆమోదంతో రాజేయాలో రాసిపెట్టుకున్న రోజున మొదలైందని కాసెల్ వాసులు నమ్ముతారు. ఆ తొమ్మిదిమంది సభ్యుల్లో ఒకడైన ఎక్కెహార్ట్ బ్రెమ్మెల్ ఈ విషయంలో కాసెల్ వాసుల్లోకెల్లా కాసెల్ వాసి. నగర భవన అనుమతుల శాఖలో చేరిన రోజు నుంచి దిగిపోయిన రోజు వరకూ ఆయన బల్ల మీద నుంచి పత్రం లేకుండా ఒక్క ఇటుక కూడా లేవలేదు.

ఆనాటి చర్చనీయాంశాల్లో నాలుగవది ఆయనదే. ఆరు రోజుల క్రితం, ఆదివారం ఉదయం, వెయ్యిన్నీ తొమ్మిదివందల ఎనభై ఎనిమిదిలో కొన్న ఆయన స్టీరియో రిసీవరు, అంటే రికార్డుల పాటను స్పీకర్లకు అందించే పెట్టె, ఒక్కసారి నిట్టూర్చి, కాలిన వాసన వదిలి, శాశ్వతంగా మౌనం వహించింది. దాని స్థానంలో మరొకటి కావాలి. షరతులు మూడు. రికార్డు ప్లేయరును నేరుగా తగిలించే వీలుండాలి, నలభై నాలుగు సెంటీమీటర్ల అలమరలో పట్టాలి, మూడువందల యూరోలు దాటకూడదు.

తొందర పెడుతున్న కారణం ఒకటుంది. చర్చనీయాంశాల పట్టికలో కారణాలకు గడి లేకపోవడం వల్ల అది సభ ముందుకు రాలేదు. ఆయన భార్య గుడ్రున్ చెవులు రెండూ పోటీ పడి క్షీణిస్తున్నాయి. ఆ బుధవారమే చెవి డాక్టరు పరీక్షించి, ఏడాది చివరికి యంత్రాల సాయంతో మాటలు మిగులుతాయనీ, సంగీతం మిగలదనీ, వినదలచుకున్నవేవో వేసవిలోపలే వినేయమనీ చెప్పి పంపింది. గుడ్రున్ ముప్పై ఒక్క ఏళ్లు పేట చర్చి బృందంలో ఆల్టో పాడింది. ఆల్టో అంటే పాటలో నడుమ గొంతు. పై గొంతులను జనం మెచ్చుకుంటారు, కింది గొంతులు బల్లలను అదిరిస్తాయి, నడుమ గొంతు ఉందన్న సంగతి అది లేనప్పుడు మాత్రమే తెలుస్తుంది. ఇంట్లో నాలుగువందల రికార్డులున్నాయి. ప్రతిదానిలోనూ ఆ నడుమ గొంతును మాత్రం పట్టుకుని ఒకసారి చివరిదాకా నడవాలని ఆమె కోరిక. రోజుకు మూడు చొప్పున మే నెలాఖరుకు అయిపోతాయని లెక్క కూడా కట్టుకుంది.

షాపుకు వెళ్లి కొనుక్కోవచ్చు కదా అని అమాయకులు అడగవచ్చు. గుడ్రున్ కూడా అడిగింది.

"షాపులో అమ్ముతున్నారు ఎక్కీ. డబ్బిస్తే ఇస్తారు. నేను చూశాను, అట్టపెట్టెలో పెట్టి మరీ ఇస్తున్నారు."

"ఏడో నిబంధన ఉంది గుడ్రున్."

"రాసింది నువ్వేగా."

"అందుకే."

ఏడవ నిబంధన ప్రకారం సంఘ సభ్యుడెవరూ సంఘం విని, పోల్చి, సిఫార్సు చేయనిదే ధ్వని పరికరం కొనరాదు. ఒక సభ్యుడు రంగుల కరపత్రం చూసి మోసపోయిన పిమ్మట, పాతికేళ్ల కిందట, ఎక్కెహార్ట్ ఆ నిబంధనను మూడు వారాలు కూర్చుని రాశాడు. (దానికి పద్నాలుగు ఉపనిబంధనలు. రాజ్యాంగాలు ఇంతకంటే తక్కువ శ్రద్ధతో రాసిన దేశాలున్నాయి.)

ఫిబ్రవరి సమావేశం 'సరసమైన ధర' అంటే ఏమిటో నిర్వచించింది. కొన్నవాడు ఇంటికొచ్చి భార్యకు నిజం చెప్పగలిగిన ధరే సరసమైన ధరని అధ్యక్షులు ప్రతిపాదించగా, నాలుగు ఓట్లపై ఆరు ఓట్లతో నెగ్గింది. వ్యతిరేకించిన నలుగురూ తమ ఇళ్లలో ఉన్న పరికరాల దృష్ట్యా సూత్రాన్ని పాత కొనుగోళ్లకు వర్తింపజేయవద్దని కోరారు. ఆ విన్నపం మన్నించబడింది.

మార్చిలో 'ఇల్లు' నిర్వచనం వచ్చింది. బాల్కనీ ఇల్లు అవుతుందా అన్న చోట సభ చీలింది. ఒక సభ్యుడు కారు షెడ్డులో కూర్చుని పాటలు వింటాడని బయటపడటంతో విషయం సున్నితమై వాయిదా పడింది. ఏప్రిల్‌లో కోరానికి ఏడుగురు కావలసి ఉండగా ఆరుగురే వచ్చారు. అందరూ కాసేపు లుంపీ వైపు చూశారు. ఉపనిబంధనలు తిరగేసి, తప్పదన్న విచారంతో, అధ్యక్షులు ఇళ్లకు పొమ్మన్నారు.

మే నెలలో హెర్ హెస్సెల్‌బార్ట్ లేజరు కొలబద్ద పట్టుకుని స్వయంగా బ్రెమ్మెల్ దంపతుల ఇంటికి వేంచేశాడు. గోడలు కొలిచాడు. తివాచీ మందం కొలిచాడు. పూలకుండీని అనుమానంగా చూసి దాన్నీ కొలిచాడు. చివరికి సోఫాలో కుడివైపున ఉన్న గుంట మీద ఆయన దృష్టి నిలిచింది.

"ఫ్రౌ బ్రెమ్మెల్, మీరెప్పుడూ ఇక్కడే కూర్చుని వింటారా?"

"ముప్పై ఏళ్లుగా."

"తప్పు చోట కూర్చున్నారు."

"అయ్యో, ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదు చూడండి."

సరైన చోటు నడవా గుమ్మంలో, కోట్లు తగిలించే కొక్కేల కింద తేలింది. అక్కడ కుర్చీ వేశారు. ధ్వని అన్నది లేని ఆ ఇంట్లో, ధ్వని అత్యుత్తమంగా వినిపించే స్థానంలో, భర్త వానకోటు భుజాన వేలాడుతుండగా గుడ్రున్ వారం రోజులు కూర్చుంది. రికార్డులు అలమరలో వరుసగా నిలబడే ఉన్నాయి. మే నెల కూడా వెళ్లిపోయింది.

జూన్‌లో కింది అంతస్తు హెర్ టోమ్చాక్ తన రిసీవరు ఖాళీగా పడి ఉందనీ, ఉచితంగా ఇస్తాననీ, తానే మోసుకొచ్చి తగిలిస్తాననీ అన్నాడు. అది అలమరలో పడుతుంది, రికార్డు ప్లేయరు తగులుతుంది, పాడుతుంది. దానికున్న లోపమల్లా అది సంఘం ముందుకు రాలేదన్నదే. ఎక్కెహార్ట్ నాలుగు రోజులు అన్నం సయించని మనిషిలా తిరిగాడు. సభ్యత్వం వదులుకుందామని చూస్తే రాజీనామా డిసెంబరు ముప్పై ఒకటిన గానీ అమలులోకి రాదు. నిబంధన సవరిద్దామంటే వార్షిక మహాసభలో మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి, మహాసభ జనవరిలో. అన్ని ద్వారాలనూ ఎంత గట్టిగా బిగించాడో చూసి ఆయనకు ఒకవైపు గుండె జారిపోయింది, మరోవైపు (దాచడం దేనికి) కాస్త గర్వం కూడా కలిగింది.

"నేనే వెళ్లి తెచ్చేస్తాను, పోనీ," అంది గుడ్రున్ బంగాళాదుంపలు ఒలుస్తూ. "నువ్వు క్షమిస్తావు, నాకు తెలుసు. కానీ లిఖితపూర్వకంగా క్షమిస్తావు. ఆ కాగితం చదివే ఓపిక నాకు లేదు."

ఆ మాటకు ఆయన నవ్వలేదు. నిజానికి ఆ క్షమాపత్రం ముసాయిదా అప్పటికే మనసులో సిద్ధమై ఉంది.

జూలై, ఆగస్టు సంఘానికి సెలవులు. చెవులకు సెలవులుండవు గనుక అవి తమ పని తాము చేసుకుపోయాయి. ఆగస్టులో గుడ్రున్‌కు రెండు చెవియంత్రాలు వచ్చాయి. ఒకనాడు ఉదయం వంటింటి చిన్న రేడియో ముందు చాలాసేపు నిలబడి, వయొలిన్ల వాళ్లు సమ్మెలో ఉన్నట్టున్నారు, నీకేమైనా తెలుసా అని భర్తను అడిగింది. ఆయనకు వయొలిన్లు చక్కగా వినిపిస్తున్నాయి. డైరీలో తేదీ వేసుకున్నాడు.

సెప్టెంబరులో మూడు రిసీవర్లు ఎంపికై, పేర్లు కనబడకుండా బూడిదరంగు గుడ్డ కప్పుకుని, క, ఖ, గ అన్న నామధేయాలు పొందాయి. అక్టోబరులో మూడింటి శబ్దాన్నీ డెసిబెల్‌లో పదవ వంతు తేడా లేకుండా సమం చేశారు. శ్రోతకు రిసీవర్లు కనబడకుండా కట్టే పరీక్ష తెర మరీ మందంగా ఉండి ధ్వనిని పీల్చేస్తున్నదని ఒక వర్గం అభ్యంతరం చెప్పడంతో తెర కోసం ఉపసంఘం ఏర్పడింది. రిసీవర్ల మధ్య తేడా ఉందా లేదా అన్న విషయంలో సంఘం ఇరవై ఏళ్లుగా రెండు వర్గాలు. లేదనే వర్గానికి అధ్యక్షులే నాయకులు. తేడా ఉందనేవాళ్లు తెరల విషయంలో పట్టుదల మనుషులు.

నవంబరు పద్దెనిమిది, శనివారం, పరీక్ష. ఏడవ నిబంధన మూడవ ఉపనిబంధన ప్రకారం, వినవలసింది పరికరంతో కలిసి జీవించబోయే ఇంటిమనిషి. గుడ్రున్ బూడిదరంగు గౌను వేసుకుని, తాను చేసిన ప్లమ్ పళ్ల కేకు తెచ్చి, అందరికీ చేయి కలిపి, తెర వెనక కుర్చీలో కూర్చుంది. ఆరవ ఉపనిబంధన ప్రకారం శ్రోత జీవిత భాగస్వామి పది అడుగుల దూరంలో ఉండాలి, పరీక్ష ముగిసేదాకా నోరు విప్పరాదు. ఎక్కెహార్ట్ వెళ్లి కోట్ల పక్కన నిలబడ్డాడు.

అప్పుడు హెర్ హెస్సెల్‌బార్ట్ ఒక ఖాళీ కవరు తీసుకుని తెర దగ్గరకు వెళ్లి, గుడ్రున్ చెవియంత్రాల కోసం మర్యాదగా చేయి చాచాడు. శ్రోత చెవికీ స్పీకరుకూ మధ్య ఏ విద్యుత్ పరికరమూ ఉండరాదని నాలుగవ ఉపనిబంధన.

ఫ్రౌ ప్లాక్ కలం ఆపింది. "హెర్ హెస్సెల్‌బార్ట్, అవి తీసేస్తే ఆమెకు ఏం వినబడుతుందండీ?"

"ఫ్రౌ ప్లాక్, 'ఏ విద్యుత్ పరికరమూ' అని ఉంది. ఆ 'ఏ' హెర్ బ్రెమ్మెల్ పట్టుబట్టి చేర్పించారు. ఇరవై నిమిషాలు వాదించారు. నాకు ఇప్పటికీ గుర్తుంది, చాలా బాగా వాదించారు."

కోట్ల పక్క నుంచి ఎక్కెహార్ట్ చేయి ఎత్తాడు. ఫ్రౌ ప్లాక్ ఆయన వైపు చూసి, తల దించుకుని, 'భాగస్వామి చేయి ఎత్తెను, ఆరవ ఉపనిబంధన మేరకు గమనించబడలేదు' అని రాసుకుంది. గుడ్రున్ తెర అంచు నుంచి ఒకసారి భర్తను చూసింది. ఇంతమంది కుర్చీలు వేసుకుని కూర్చున్నాక కాదనడం బాగుండదనుకున్నదో ఏమో, యంత్రాలు రెండూ తీసి కవరులో వేసి, గౌను మడతలు సర్దుకుంది. ఎక్కెహార్ట్ చేయి మరికాసేపు పైనే ఉంది. అంతసేపు నోరు విప్పకుండా ఉండగలిగినవాడు చేతిని దించకుండా ఉండలేకపోయాడు.

ఒకే పాటను ఒకసారి ఒక రిసీవరులో, మరోసారి ఇంకోదానిలో, అలా ఇరవై జతలు వినిపించారు. ప్రతి జత తరువాతా ఆకుపచ్చ దీపం వెలుగుతుంది, శ్రోత చీటీ మీద 'తేడా ఉంది' అనో 'లేదు' అనో గుర్తు పెట్టాలి. గదినిండా ఒక బృందగానం మళ్లీ మళ్లీ మోగింది. నడుమ గొంతు, ఎక్కెహార్ట్ జీవితంలో మొదటిసారి ప్రయత్నించి చూడగా, స్పష్టంగా వినిపించింది. చీటీలు ఒక్కొక్కటే వచ్చాయి. లేదు. లేదు. లేదు. పద్నాలుగవ జతలో రెండో రిసీవరు తీగ ఊడిపోయి గదిలో ఒక నిమిషం పాటు ఏ శబ్దమూ రాలేదు. సభ్యులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. దీపం వెలిగింది. చీటీ వచ్చింది. లేదు.

సాంకేతిక లోపం వల్ల పద్నాలుగవ జతను మినహాయించారు. మిగిలిన పంతొమ్మిదికి పంతొమ్మిదీ ఒకే జవాబు. హెర్ హెస్సెల్‌బార్ట్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తన తూనికల కొలతల జీవితంలో ఇంత స్థిరమైన పరికరాన్ని, క్షమించాలి, ఇంత స్థిరమైన శ్రోతను ఎన్నడూ చూడలేదన్నాడు. వ్యతిరేక వర్గంవారు కేకు తింటూ ఓటమి అంగీకరించారు. సభ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. తెర వెనక గుడ్రున్ తరువాతి దీపం కోసం ఎదురుచూస్తున్నది.

తీర్మానం ఏకగ్రీవం. రిసీవర్ల మధ్య తేడా లేదని శాస్త్రీయంగా రుజువైనందున, సభ్యుడు తనకు నచ్చినది ఏదైనా, ఎక్కడైనా కొనుక్కోవచ్చును.

ఫ్రౌ ప్లాక్ కవరు తెచ్చి ఇచ్చింది. గుడ్రున్ యంత్రాలు తగిలించుకుంది. అవి కాసేపు ఈల వేసి సర్దుకున్నాయి.

"ఏం తేల్చారు?"

"ఏదైనా కొనుక్కోవచ్చట," అన్నాడు ఎక్కెహార్ట్.

ఆమె ఆలోచించింది. "సరే, ఇప్పుడు నువ్వు విందువుగానిలే. ఇన్నేళ్లూ నేను వింటుంటే నువ్వు పేపరు చదువుకున్నావు."

ఆయన ఆమె మొహం వైపు చూడలేక బల్ల వైపు చూశాడు. అక్కడ పరీక్షా పత్రం సంతకం కోసం సిద్ధంగా ఉంది. ఫలితం మీద అభ్యంతరం తెలపదగిన కారణాల జాబితా అడుగున అచ్చువేసి ఉంది: కిటికీ తెరిచి ఉండుట, ట్రాము వెళ్లుట, కుక్క మొరుగుట, దీపం వెలగకపోవుట, శ్రోత నిద్రించుట. అన్నీ ఆయన రాసినవే. పై నుంచి కిందకు రెండుసార్లు చదివాడు. శ్రోతకు వినబడకపోవుట అన్నది లేదు. జాబితాలో లేని కారణం చెల్లదని కింద ఇంకో పంక్తి ఉంది. అదీ ఆయనదే.

ఎక్కెహార్ట్ బ్రెమ్మెల్ 'అభ్యంతరం లేదు' అన్న గడిలో గుర్తు పెట్టి, తేదీ వేసి, సంతకం చేసి, తన ప్రతిని అంచులు కలిసేలా మూడు మడతలు పెట్టి, కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు.