గోడలు చూసిన యాజకుడు

చోడవరంలో కొత్త కాలనీ ఇళ్ల గోడలకు పచ్చమచ్చలు లేచాయని జనం గోల పెడితే, పార్టీ ఇన్‌చార్జి ఉమామహేష్ మైకు పట్టుకుని చరిత్రాత్మకమైన ప్రకటన చేశాడు.

"గోడలు సూడ్డం ఇంజినీర్ల పని కాదు! వేల ఏళ్ల కిందటే బైబిల్లో ఆ డ్యూటీ యాజకుడికి ఇచ్చేరు. ఇయాళ ఆ డ్యూటీ మన పాస్టర్ శివాజీ గారికి ఇస్తన్నాం!"

చప్పట్లు మోగాయి. శివాజీ ఓ వరస వెనక్కి జరిగాడు. తప్పు ఆయనదే. పోయిన ఆదివారం ప్రసంగంలో, పాతకాలపు యాజకుడికి బలులూ ధూపమే కాదు, ఇంటి గోడకు మచ్చ లేస్తే వెళ్లి చూడ్డం కూడా పనేనని చెప్పాడు. ఓట్ల కోసం వచ్చి ముందు వరసలో కూర్చున్నవాడు వాక్యం అంత శ్రద్ధగా వింటాడని ఏ పాస్టరు మాత్రం అనుకుంటాడు?

అయినా మెడలో ఐడీ కార్డు పడ్డాక శివాజీకి కాస్త బాగానే అనిపించింది. దాచడం దేనికి? ఆ హుషారుతోనే మొదట మంగాయమ్మ ఇంటికి వెళ్లాడు. చెరకు పనులకు వెళ్లి బతికే ఒంటరి మనిషి ఆమె; వేరే గూడు లేక ప్రారంభోత్సవం కాకముందే ఆ ఇంట్లో చేరింది. మంచం పక్క గోడను నొక్కితే వేలు లోపలికి దిగిపోయింది.

"నిజం రాయండి అయ్యగోరూ. ఇది నా మీద పడితే ఏరే సమాధి కట్టక్కర్లేదు."

శివాజీ గ్రంథంలో ఉన్నట్టే సామాన్లు బయట పెట్టించి, ఇంటికి ఏడు రోజులు తాళం వేయించాడు. మంగాయమ్మ ఆ వారమంతా టార్పాలిన్ కింద వండుకుంది. తాళం తీసి చూస్తే గోడ తెల్లగా మెరిసిపోతోంది. ఎవరో సున్నం కొట్టేశారు. గోరుతో గీకితే కింద మచ్చ రెండింతలై కనిపించింది. 'అపవిత్రం, కూల్చాలి' అని రాసి సంతకం పెట్టాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన అంత ధైర్యం చేయడం అదే మొదలు.

ఆ రిపోర్టుతో ఆఫీసుకు వెళ్తే ఉమామహేష్ దూరం నుంచే దణ్ణం పెట్టాడు.

"ఆ ఇంట్లోకి ఎల్లేరా?"

"వెళ్లకపోతే ఎలా చూస్తాను బాబూ?"

"అదే మరి! అదే అధ్యాయంలో ఉంది. అలాటి ఇంట్లో అడుగెట్టినోడు సాయంత్రం దాకా అపవిత్రుడు. మీ సంతకం సెల్లదు. పొద్దుగూకేక రండి."

"అప్పటికి ఆఫీసు మూసేస్తారు కదా?"

"ఆఫీసు టైము నేనెలా మారుస్తానండీ?"

మర్నాడు వెళ్తే, నిన్నటి తనిఖీ పాతబడిందని, మళ్లీ చూసి రమ్మన్నారు. మళ్లీ చూస్తే మళ్లీ అపవిత్రం. అలా నాలుగు రోజులు శివాజీ పొద్దున్నే అపవిత్రుడై, పొద్దుగూకాక శుద్ధుడై, ఆఫీసు తాళం చూసి ఇంటికొచ్చాడు. అయిదో రోజు పేపర్లో పడింది: ఒక్క వ్యతిరేక రిపోర్టూ అందలేదు గనక కాలనీ ఇళ్లన్నీ పవిత్రం.

ప్రారంభోత్సవానికి ప్రార్థన కూడా శివాజీ చేతే చేయించారు. ఆయన మంగాయమ్మను కాపాడమని దేవుణ్ణి గట్టిగా అడిగాడు. ఇంటి ఊసెత్తలేదు. ఉమామహేష్ రిబ్బను కత్తిరించి తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు. ఫొటోలు అయ్యాయి.

"లోపలికి రా బాబూ. మంచం వాల్చేను. టీ తాగి ఎల్దువుగాని" అంది మంగాయమ్మ.

ఉమామహేష్ గుమ్మంలో పెట్టబోయిన కాలు చటుక్కున వెనక్కి తీసుకున్నాడు.

"వద్దమ్మా. లోపలికొస్తే సాయంత్రం దాకా అపవిత్రుణ్ణయిపోతాను. నాలుగింటికి రావికమతంలో ఇంకో కాలనీ ప్రారంభించాలి."