గాలికి గోడ

ఆ రోజు పొద్దున దుర్గవ్వ పెట్టుకున్న పని ఒక్కటే. కడిగి తుడిచిన మామిడికాయ ముక్కలను నడింట్లో ఫ్యాను కింద ఆరబోసి, మధ్యాహ్నానికల్లా తొక్కు కలపాలి. బట్ట పరిచి, ముక్కలు పోసి, స్విచ్చు మీద చెయ్యి వేసిందో లేదో కూతురు నిఖిత కేక పెట్టింది.

"అవ్వా! ఫ్యాను ఎయ్యకు! ఇయ్యాల ఒంటి గంట దాంక గీ అర్రల గాలి కదలొద్దు."

మే నెల. బెల్లంపల్లి. ఎనిమిదింటికే తలుపు గొళ్లెం ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటోంది. ఇలాంటి పూట ఫ్యాను వద్దన్న పిల్లకు ఒంట్లో బాగుందా అని దుర్గవ్వకు భయం పట్టుకుంది. ఆమెకు రోజుకు పది భయాలు తప్పవు. అందులో మొదటిది టీ తాగకముందే వచ్చిందంటే, ఆ రోజు పదితో ఆగదని ఆమెకు అనుభవం.

భయానికి కారణం బల్ల మీదే ఉంది. నల్లటి ఇనప పెట్టె ఒకటి, దాని కడుపులో హైదరాబాదు కంపెనీ వాళ్లు పంపిన గ్రాఫిక్స్ కార్డు. కంప్యూటరులో బొమ్మలు గీసే ముక్క అది. దానికి అక్కడక్కడ వెంట్రుకంత సన్నటి తీగలు అంటించి, వాటి కొసలను చేతిలో ఇమిడే మీటరుకు కలిపింది నిఖిత. కార్డుకు ఊపిరాడనంత పని చెప్పి, అది ఎంత వేడెక్కుతోందో, పెట్టెలోని ఫ్యాన్లు దాన్ని ఎంత చల్లబరుస్తున్నాయో అరగంట చొప్పున మూడు విడతలు కొలవాలి. గది వేడి మారితే కొలత చెడుతుంది. పట్టిక మధ్యాహ్నం రెండింటిలోపు పంపాలి. నచ్చితే ఉద్యోగం.

డిగ్రీ అయి రెండేళ్లు. ఏడు ఇంటర్వ్యూలు పోయాయి, ఇది ఎనిమిదోది. ఇదైనా కుదిరితే వేములవాడ రాజన్నకు కోడెను కడతానని దుర్గవ్వ మొక్కుకుంది. మొక్కులో ఇంకో కోరిక కూడా కలిపింది. ఉద్యోగం రావాలి, ఆ పెట్టె ఇంట్లోంచి పోవాలి.

"ఎంత కాలుతది బిడ్డా అది?"

"ఎనభై దాటుతది. నార్మలే."

"ఎనభయ్యా? బయట నలభై అయిదుకే మనుషులు పడిపోతుండ్రు. నువ్వు ఇంట్ల ఎనభై పెట్టుకుంటవా?"

"ఇల్లు కాదే అవ్వా, కార్డు. జర పరేషాన్ గాకు. నార్మలే అంటున్న గదా."

నార్మల్ అనే మాట మీద దుర్గవ్వకు నమ్మకం లేదు. ఆమె మామను ఆసుపత్రి నుంచి ఇంటికి పంపిన రోజు డాక్టరు అదే మాట అన్నాడు. మూడో రోజు కర్మకు ఆ డాక్టరు రాలేదు కూడా.

మొదటి విడత ఏ అడ్డూ లేకుండా గడిచింది. పదిన్నరకు రెండోది మొదలుపెట్టిందో లేదో నిఖిత ఫోను మోగింది. కంపెనీ నుంచి విజయేందర్ సారు. పట్టిక చూసేముందు నాలుగు ప్రశ్నలు అడగాలన్నాడట. ఆమె ఫోనుకు మాట తెగకుండా సిగ్నలు దొరికేది మిద్దె మీద ఒక్కచోటే. నిఖిత నోటుబుక్కు తెచ్చి తల్లి చేతిలో పెట్టింది.

"అయిదు నిమిషాలకోపారి మీటర్ల అంకె రాయి. పైది కార్డు వేడి. కిందిది అండ్ల అన్నిటికన్న ఎక్కువ కాలే జాగ. ఇంకేం ముట్టకు. నీ దండం పెడ్త, ముట్టకు."

దుర్గవ్వ చదివింది ఏడో తరగతే అయినా అంకెలు ముత్యాల్లా రాస్తుంది. రెండు అంకెల్లో పెద్దదాన్నే రాసుకుంది. చిన్నదాన్ని నమ్మి నిశ్చింతగా కూర్చోవడం ఆమె ఒంటికి పడదు. 84.

పెట్టె వెనక చెయ్యి పెట్టి చూసింది. పొయ్యి నోటి దగ్గరి సెగ. ముందుకు వచ్చి వంగి చూడబోతే, కొంగు దానంతటదే పోయి పెట్టె ముందరి జాలీకి అతుక్కుంది. లోపల వేడి, పైగా అది గాలి పీలుస్తోంది!

ఆమె భర్త ఇస్తారి ముప్ఫయ్యొక్క ఏళ్లు బొగ్గుబాయిలో గోడలు కట్టాడు. బాయిలో మిగిలిన బొగ్గు దానంతటదే వేడెక్కుతుంది, గాలి తగిలేకొద్దీ రాజుకుంటుంది; అదే హీటింగ్. వేడి కనపడిన చోట దారికి అడ్డంగా గోడ లేపి, సందులన్నీ మట్టితో మెత్తి, లోపలికి గాలి పోకుండా చేస్తారు. ఆ గోడను స్టాపింగ్ అంటారు. ముప్ఫయ్యొక్క ఏళ్లు అన్నం ముందు అదే ముచ్చట విన్న ఇల్లాలికి, వేడికి తెలిసిన మందు అదొక్కటే.

ముట్టకు అన్నది పిల్ల. కానీ ఇల్లు అంటుకున్నాక ముట్టినా ఒకటే, ముట్టకపోయినా ఒకటే. దుర్గవ్వ దిండు తెచ్చి జాలీకి ఆనించి, కదలకుండా బియ్యం డబ్బా అడ్డం పెట్టింది. 89. దిండు చాలలేదన్నమాట. పక్క బొక్కల్లో పాత చీర కుక్కింది. 93. మొగుడికి ఫోను చేసింది.

"ఇన్నవా? ఇంట్ల హీటింగ్ అయింది."

టీ కొట్టు దగ్గర కూర్చున్న ఇస్తారి గొంతు ఒక్కసారిగా డ్యూటీ గొంతైంది.

"ఎంతున్నది?"

"తొంబై మూడు."

"పొగొస్తుందా?"

"ఇంక రాలే."

"వాసన?"

"మామిడికాయ వాసన."

"ఎవ్వల్ని దగ్గరికి రానియ్యకు. వస్తున్న."

రిటైరై రెండేళ్లు. ఈ రెండేళ్లలో ఇస్తారిని కూరగాయలు తెమ్మన్నవాళ్లే తప్ప, సలహా అడిగినవాళ్లు లేరు. తనతోపాటే గోడలు కట్టిన పరశురాములును వెంటేసుకుని, అయిదు నిమిషాల్లో ఇంట్లో ఉన్నాడు. పరశురాములు పెట్టె చుట్టూ తిరిగి, గోడను చూసినట్టే చూశాడు.

"సందులు శానున్నయి. మట్టేది వదినే?"

"మట్టి యాడిది పరశురాములూ? గోధుమపిండి కలుపుత."

"నీళ్లు జర తక్కువ పొయ్యి. పల్చగైతే జారుతది."

అట్టముక్కలు కోశారు, బొక్కలకు అడ్డం పెట్టారు, అంచుల వెంబడి పిండి మెత్తి బొటనవేలితో అదిమారు. తీగలు వచ్చే ఒక్క చోటు మాత్రం వదిలారు. లోపలి సంగతి తెలియడానికి ఒక బొక్క ఉంచాలని బాయిలో నియమం. ఇంకో నియమం కూడా ఇస్తారి మరవలేదు.

"ఏ టైముకు ఏం జేసినమో అంకె పక్కపొంటి రాయే. రేపు ఆఫీసరు అడిగితే ఏం జెప్తం?"

దుర్గవ్వ రాసింది. 98. 101. లోపల ఫ్యాన్లు మిల్లు మర ఆడినట్టు హోరెత్తాయి. 104. తర్వాత ఒక్కసారిగా చప్పుడు ఆగింది. తెర నల్లబడింది. మీటరులో అంకె నెమ్మదిగా దిగడం మొదలుపెట్టింది.

"ఆరింది," అని ఇస్తారి నుదుటి చెమట తుడుచుకున్నాడు. దుర్గవ్వ గోడకు ఆనుకుని, పొద్దుటి నుంచి మొదటిసారి నిండుగా ఊపిరి తీసుకుంది. బిడ్డ బతికింది, ఇల్లు నిలబడింది.

సరిగ్గా అప్పుడే నిఖిత మెట్లు దిగి వచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"అవ్వా, సారు మస్తు ఖుషయిండు! మా ఇంట్ల ఎవ్వలు ముట్టరు సార్, అంత పక్కా అని చెప్పిన..."

పెట్టెను చూసింది, పిండి చేతుల ముగ్గురినీ చూసింది. అరవలేదు. మెల్లగా నేల మీద, మామిడికాయ ముక్కల పక్కన కూలబడింది. అరిచి ఉంటే దుర్గవ్వకు అంత భయం వేసేది కాదు.

"ఎవ్వలు జేసిండ్రిది?"

"స్టాపింగ్ అంటే మనింట్ల ఇంకెవ్వలు జేస్తరు?" అన్నాడు ఇస్తారి.

"బాపూ, దానికి గాలే మందు! గాలి ఆడితేనే అది సల్లవడ్తది!"

"వేడికి గాలి పెడ్తరా యాడన్న?" అని పరశురాములు నవ్వాడు. తోడుగా ఎవరూ నవ్వకపోయేసరికి మానేశాడు.

నిఖిత లేచి పిండి పీకబోతే ఇస్తారి చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆగు! సీలు ఏసినంక నెల దాంక తెరువొద్దు. గాలి సొచ్చిందంటే గుప్పుమంటది."

"నాకు రెండింటి దాంకనే టైమున్నది బాపూ."

ఆ మాటతో దుర్గవ్వకు సంగతి పూర్తిగా అర్థమైంది. కూతురి నౌకరి గొంతుకు దిండు అడ్డం పెట్టింది తనే. ఇక ఎనిమిదోది పోయినట్టే. తొమ్మిదోది రాదు. పిల్ల ఇదే బల్ల ముందు ముసలిదవుతుంది, తను పోయే రోజున కూడా ఆ పిండి సంగతే తలుచుకుంటుంది. నిమిషంలో నలభై ఏళ్లు ఆమె కళ్ల ముందు తిరిగాయి. అందులో ఒక్క మంచి రోజు కనపడలేదు.

సెగకు పిండి సగం కాలి రొట్టెలా అంటుకుపోయింది. కొంత ఫ్యాను రెక్కల్లోకి కూడా పోయింది. నలుగురూ చెంచాలతో, అగ్గిపుల్లలతో గీకేసరికి ఒంటిగంటా నలభై. కార్డు మళ్లీ వెలిగింది కానీ, ఇంకో విడత కొలిచే సమయం లేదు. నిఖిత మొదటి పట్టికను, దాని వెనక, ఏం జరిగిందో తెలియడానికి, తల్లి రాసిన కాగితం ఫోటోను మెయిలుకు జతచేసింది.

"తప్పు నాదని రాయి బిడ్డా. పిల్ల మంచిదే, తల్లికే తెలివి లేదని రాయి."

"రాసిన," అంది నిఖిత.

అంత తొందరగా రాసేస్తుందని దుర్గవ్వ అనుకోలేదు.

నాలుగు గంటలకు ఫోను మోగింది. నిఖిత మిద్దె ఎక్కింది. వెనకే దుర్గవ్వ, ఆమె వెనక దోషుల్లా ఇద్దరు మగవాళ్లు. స్పీకరులో విజయేందర్ గొంతు వినిపించింది.

"ఈ రెండో కాగితం ఎవరు రాశారండీ?"

దుర్గవ్వ ఫోనుకు రెండు చేతులూ జోడించింది.

"మా అవ్వ సార్."

"నలభై మంది పట్టికలు పంపారు. అన్నీ ఒకే అచ్చు. జనం ఇళ్లలో ఏం చేస్తారు? పెట్టెను గోడకు ఆనిస్తారు, మీద బట్టలు కప్పుతారు. గాలి అందకపోతే కార్డు ఏమవుతుందో ఒక్కరూ చూడలేదు. ఇందులో చూడండి. దిండు పెట్టినం, 89. చీర కుక్కినం, 93. పిండి మెత్తినం, 104. సచ్చింది. మా ల్యాబులో కూడా ఎవరూ ఇంత తేటగా రాయరు. సోమవారం నుంచి చేరండి. ఇంటి నుంచే పని. పన్నెండు కార్డులు పంపుతున్నాం, అన్నిటికీ ఇదే పరీక్ష చేయాలి."

నిఖిత తల్లిని గట్టిగా పట్టుకుని ఏడ్చింది. ఇస్తారి పరశురాములు భుజం తట్టి, "ఫస్టు షిఫ్టుకే రావాలె," అన్నాడు. దుర్గవ్వ రాజన్నను తలుచుకుంది. మొక్కులో మొదటి సగం విని, రెండో సగం వినకుండా లేచి వెళ్లిపోయినట్టున్నాడు.

ఆమె కిందికి దిగి, వంటింట్లో పిండి డబ్బా మూత తీసి చూసింది. పన్నెండు కార్డులకు చాలదు.